నేలలో కనబడు నీడ

ఇల్లు కట్టి చూడుమన్నారు మన పెద్దలు. ఈ కాలమున కట్టకముందే చూచుట అలవాటైనది. హైదరాబాదు నగరమునకు తూర్పున, దిల్‌సుఖ్‌నగర్ మొదలుకొని చైతన్యపురి, కొత్తపేటల మీదుగా ఎల్.బి.నగర్ కూడలి వరకు సాగు రహదారికి ఇరువైపులను, అటు నాగోలు, ఇటు వనస్థలిపురముల దిక్కునను వరుసగా మేడలు లేచుచున్నవి. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఎల్.బి.నగర్ వరకు వచ్చిన పిమ్మట ఈ ప్రాంతము నగరమధ్యమునకు మరింత దగ్గరైనది. ఇచ్చట ఫ్లాటు కొనదలచి అమ్మకపు కార్యాలయమునకు వెళ్ళినచో, పునాది గోతికి ముందే గోడమీది పెద్ద తెర మనకు స్వాగతము పలుకును. తెరపై తలుపు తెరచుకొనును. గాలిలో తేలుచున్నట్లు మనము లోపలికి పోవుదుము. హాలు, వంటిల్లు, పడకగది, బాల్కనీ, అల్లంత దూరమున సరూర్‌నగర్ చెరువు. రెండు నిమిషములలో ఇల్లంతయు చూపి తెర ఆరిపోవును. దీనిని ఆ వృత్తిలోనివారు వాక్‌త్రూ అందురు.

ఇంటికి తిరిగివచ్చిన పిమ్మట ఏమి జ్ఞాపకమున్నదని ఇంటిల్లిపాదిని అడిగి చూడుడు. గదుల కొలతలు ఎవరికిని జ్ఞాపకముండవు. నేల జ్ఞాపకముండును. నీళ్ళు నిలిచినట్లు నిగనిగలాడు నేల, అందులో తలక్రిందులుగా వెలుగు దీపములు. ఈ నిగ్గు ఎట్లు పుట్టుచున్నది, దానికి ఎన్ని గంటలు పట్టుచున్నవి, ఆ గంటలను తగ్గించుటకు పనివారు చేయు ఉపాయములలో ఏవి సబబైనవి, ఏవి కావు అనునదియే నేటి ప్రసంగము. బొమ్మను గూర్చి రేడియోలో మాటలాడుట చీకటిలో కన్ను గీటినట్లే. అయినను ప్రతి శ్రోత ఇంటను నేల ఉన్నది గదా, అది చాలును.

రేడియో ఉన్న గదిలో దీపము వెలుగుచున్నచో ఒక్కసారి నేలవంక చూడుడు. తాండూరు నాపరాయి పరచిన పాత ఇల్లయినచో నేలలో దీపము కనబడదు. దీపమున్న దిక్కున పలుచని వెలుగు మాత్రము పరచుకొని ఉండును. ఏండ్ల తరబడి తడిగుడ్డతో తుడిచి తుడిచి నునుపెక్కిన మొజాయిక్ నేల అయినచో, మబ్బు వెనుకటి చంద్రునివలె దీపము ఒక మసక ముద్దగా తోచును. ఇప్పటి విట్రిఫైడ్ పలకలలో ట్యూబులైటు నిడివి తెలియును గాని అంచులు కొంచెము చెదరి ఉండును. ప్రకాశము జిల్లా చీమకుర్తిలో దొరకు నల్లరాయి, బంగారు రవ్వల వంటి చుక్కలు గలది, దానిని సాన పట్టినచో మాత్రమే అద్దమునకు దగ్గరగా వచ్చును. అనగా మనము సాధారణముగా నివసించు ఇండ్లలో అద్దము వంటి నేల అరుదు. మసక నిగ్గు గల నేలయే ఎక్కువ.

ఇంకొక వింతను గమనింపుడు. మన పాదముల చెంత నేలలో నీడ చాల పలుచగా ఉండును. గది ఆవలి మూలకు చూపు వాలుగా పోయినకొలది అదే నేల ఎక్కువ మెరియును. గాజు వంటి పదార్థమును నిట్టనిలువుగా చూచినచో దానిపై పడిన వెలుగులో నూటికి నాలుగు పాళ్ళే తిరిగి కంటికి వచ్చును. చూపు ఉపరితలమునకు ఒరసికొని పోవునప్పుడు దాదాపు అంతయు తిరిగి వచ్చును. ఈ లెక్కను ఫ్రాన్సు దేశపు భౌతికశాస్త్రజ్ఞుడు ఫ్రెనెల్ 19వ శతాబ్ది తొలి భాగముననే కట్టినాడు. చెరువుగట్టున నిలిచినవానికి కాళ్ళ దగ్గర నీటి అడుగును, ఆవలి ఒడ్డు చెంత ఆకాశమును కనబడుట ఇందువలననే. మరియొకటి: బల్లకాలు నేలను తాకినచోట దాని నీడ స్పష్టముగా ఉండి, పైకి పోయినకొలది చెదరిపోవును. వానాకాలపు సాయంకాలమున దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్తంభముల క్రింద నిలిచి తడిసిన రోడ్డును చూచువారికి ఈ రెండును ఒక్కచోటనే తెలియును. బస్సుల వెనుకటి ఎర్రదీపములు దీపములుగా కాక, మన కాళ్ళవరకు సాగివచ్చు ఎర్రని చారలుగా కనబడును. రోడ్డు అద్దమైనచో చార ఉండదు, దీపమే ఉండును. గరుకుపై నీరు పరచుకొన్నది గనుక వెలుగు చెదరి చార అయినది.

ఇప్పుడు కంప్యూటరు సంగతి. గోడలు, కిటికీలు, సోఫాలు, దీపములు, ఇవన్నియు కొలతల ప్రకారము కంప్యూటరులో ముందుగనే నిలిపి ఉంచుదురు. ఆ అమరికను వెలుగునీడలు గల బొమ్మగా గీయుటకు రెండరింగు అని పేరు. సాధారణమైన తెరపై అడ్డముగా 1920, నిలువుగా 1080, వెరసి 20,73,600 చుక్కలున్నవి. ఒక్కొక్క చుక్క ఏ రంగుగా ఉండవలెనో తెలిసికొనుటకు కంప్యూటరు ప్రకృతికి ఎదురు నడచును. దీపమునుండి కంటికి రావలసిన కిరణమును కంటినుండి వెనుకకు పంపి, అది ఏ వస్తువుకు తగిలినది, అక్కడినుండి ఎటు మరలినది, చివరకు ఏ దీపమును చేరినది అని వెదకును. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో పనిచేసిన టర్నర్ విటెడ్ ఈ మార్గమును 1980లో ఒక పత్రమున వివరించినాడు. గళ్ళ నేలపై తేలు రెండు గోళములు ఆయన చూపిన బొమ్మ. నేటి తెరలో ఆరవ వంతు చుక్కలైనను లేని ఆ ఒక్క బొమ్మకు నాటి యంత్రముపై 74 నిమిషములు పట్టినది.

విటెడ్ బొమ్మలోని మెరుపు అద్దపు మెరుపు. అద్దమునకు తగిలిన కిరణము ఒక్క దిక్కుననే మరలును. ఒక్కదానిని వెంబడించిన చాలును. మసక నిగ్గు గల నేలకు తగిలిన కిరణము అట్లు కాదు. నేలలోని కంటికి కనబడని గరుకు వలన అది విసనకర్రవలె పలు దిక్కులకు చెదరును. ఆ దిక్కులలో కొన్నిటిని చీటీలు తీసినట్లు ఎన్నుకొని, ఒక్కొక్కదానిని వెంబడించి, సగటు కట్టవలెను. 1984లో రాబర్ట్ కుక్, థామస్ పోర్టర్, లోరెన్ కార్పెంటర్ అను మువ్వురు ఈ పద్ధతిని ప్రకటించిరి. నేటికిని మూలసూత్రము అదియే. దీనినుండి తేలునదేమనగా, లోకములో సాన పట్టిన రాయి ప్రియము, మసక రాయి చవుక. కంప్యూటరులో అద్దము చవుక, మసక రాయి ప్రియము. ఈ తారుమారును జ్ఞాపకముంచుకొన్నచో తక్కిన కథ సులభముగా తెలియును.

ఎంత ప్రియమో లెక్క చూతము. నేలపై ఒక్క చుక్కకు 64 కిరణములు పంపితిమనుకొందము. ఆ కిరణములు పోయి తగిలిన బల్లకును మసక నిగ్గు ఉన్నచో, పాత పద్ధతిలో ఒక్కొక్కటి మరల 64గా చీలి 4,096 అగును. ఆ బల్లలో కనబడు అలమారకు కూడ నిగ్గున్నచో 2,62,144. నేటి ప్రోగ్రాములు ఇట్లు చీల్చక, ప్రతి మలుపునను ఒక్క దిక్కునే ఎన్నుకొని, మొదటి చుక్కనుండియే ఎక్కువ కిరణములను పంపుచున్నవి. భారము తగ్గినది గాని తొలగలేదు. కిరణములు చాలనప్పుడు నేలపై ఇసుక చల్లినట్లు గరుకు కనబడును. ఆ ఇసుకను సగము చేయుటకు రెండింతల కిరణములు చాలవు, నాలుగింతలు కావలెను. నాలుగవ వంతు చేయుటకు పదునారింతలు.

ఇది ఒక్క బొమ్మకు. కదలు చిత్రమున సెకనుకు 25 బొమ్మలు. రెండు నిమిషముల వాక్‌త్రూకు 3,000 బొమ్మలు. బొమ్మకు పది నిమిషముల చొప్పున 500 గంటలు, అనగా ఒక్క యంత్రము దాదాపు ఇరువదియొక్క దినములు రాత్రింబవళ్ళు నడువవలెను. నాలుగు యంత్రములున్న చిన్న కార్యాలయమునకు అయిదు దినముల పైన. బొమ్మకు నాలుగు నిమిషములకు దింపగలిగినచో అదే పని రెండు దినములలో ముగియును. చిన్న కార్యాలయమునకు లాభము, నష్టము ఈ ఆరు నిమిషములలోనే ఉన్నవి.

దిల్‌సుఖ్‌నగర్ కంప్యూటరు విద్యాలయములకు పెట్టినది పేరు. జిల్లాలనుండి వచ్చి, హాస్టళ్ళలో ఉండి, ఆరు నెలలో ఏడాదియో యానిమేషన్ నేర్చుకొను యువతీయువకులు ఎందరో. త్రీడీఎస్ మ్యాక్స్, బల్గేరియా దేశమున పుట్టిన వి-రే, ఉచితముగ లభించు బ్లెండర్, ఇవి వారి పనిముట్లు. చదువు ముగిసిన పిమ్మట వీరిలో కొందరు సినిమా పనులకు పోవుదురు, కొందరు ఇండ్ల బొమ్మలు గీయు చిన్న చిన్న కార్యాలయములలో చేరుదురు. అట్టి కార్యాలయములో రాత్రి పది గంటల వేళను ఊహించుకొనుడు. ఎల్లుండి దసరా, ఆ దినమున అమ్మకములు ప్రారంభము. "నేల ఇంకను మెరియవలెను, పొద్దుటికి కావలెను" అని యజమానినుండి ఫోను వచ్చును. ఆ యువకుని చేతిలో ఒక మీట ఉన్నది: నేల గరుకుదనమును చెప్పు అంకె. దానిని సున్నకు దింపినచో నేల అద్దమగును. ఇసుక మాయమగును. కాలము సగమునకు పడిపోవును. యజమాని సంతోషించును. ఒక్క మీటతో ఇన్ని లాభములు కలుగుచుండగా, ఉద్యోగము నిలుపుకొనవలసినవాడు అది తప్పని ఎట్లు చెప్పగలడు? కాలపు ఒత్తిడియు అమ్మకపు ఆశయు రెండును బొమ్మను ఒక్క దిక్కునకే, అద్దము దిక్కునకే, లాగుచున్నవి. నిజమైన నేలను చూపువానికి ఎక్కువ గంటలు, తక్కువ మెప్పు.

మయసభలో దుర్యోధనునకు జరిగినది మనకు తెలియును. మెరయు నేలను నీరనుకొని దుస్తులు ఎత్తిపట్టెను, నీటిని నేలయనుకొని అందులో పడెను. ఆ కథలో నవ్వినవారిని గూర్చియే మనము ఎక్కువగా మాటలాడుదుము గాని, మయుని పనితనమును గూర్చి తక్కువ. మయుడు నిజముగ అట్టి నేలనే కట్టినాడు. మన తెరమీది మయులు కట్టబోని నేలను చూపుచున్నారు, భేదము అది. నేల అద్దమైనచో ఏమి నష్టమని అడుగవచ్చును. గది ఎత్తు రెట్టింపైనట్లు తోచును. కిటికీ వెలుగు నేలలోకి దిగి కాళ్ళవరకు వచ్చును. పదకొండు అడుగుల గది సభామందిరమగును. అంతకంటె ముఖ్యమైనది ఇంకొకటి ఉన్నది. నేలలోను, కిటికీ అద్దములోను కనబడు ఆ ఆకాశము ఎక్కడిది? సాధారణముగ అది ఏదో దూరదేశపు మైదానమున తీసిన ఛాయాచిత్రము. దానిని ఇంటిచుట్టు గొడుగువలె కప్పి వెలుగు తెప్పింతురు. కొత్తపేట సందులలో మూడవ అంతస్తు పడకగది కిటికీకి ఎదుట ఆకాశము ఉండదు; పొరుగుమేడ గోడ ఉండును. ఆ గోడను కంప్యూటరులో నిలుపలేదు గనుక నేలలో ఆకాశము మెరియుచున్నది. ఇరువది ఏండ్లు వాయిదాలు కట్టబోవు కుటుంబము ఆ ఆకాశమును చూచి సంతకము చేయుచున్నది. పొరుగుగోడను ఒక పెట్టెవలె నిలుపుటకు పట్టునది అయిదు నిమిషములు. దానివలన రెండరింగు కాలము పెరుగుట దాదాపు శూన్యము. కావున కాలము లేక వదలితిమనుట ఇచ్చట చెల్లదు.

అద్దమునకు దిగజారకుండ కాలమును ఆదా చేయు మార్గములు లేవా? చాల ఉన్నవి. మంచి పనివాని నేర్పు ఇందులోనే తెలియును.

మొట్టమొదట, మెరుపును వెలుగును వేరుచేసి ఆలోచింపవలెను. సున్నపు గోడపై పడిన వెలుగు ఎక్కడ నిలిచి చూచినను ఒక్కటే. కావున దానిని ఒక్కసారి లెక్కించి దాచిపెట్టి, కెమెరా కదలుచుండగా మరల మరల వాడుకొనవచ్చును. 1988లో గ్రెగొరీ వార్డ్ మొదలైనవారు చూపిన దారి ఇది. నేల మెరుపు అట్లు కాదు. చూచువాని కన్ను కదలినకొలది అదియు కదలును. దానిని దాచిపెట్ట వీలులేదు. అందుచేత గోడల వెలుగును దాచి, మిగిలిన గంటలనన్నిటిని నేలకు వెచ్చించుట తెలివి. ఇక్కడ మన దేశపు చిక్కు ఒకటి కలదు: సీలింగు ఫ్యాను. దాచిన వెలుగు, వస్తువులు కదలనంతవరకే చెల్లును. రెక్కలు తిరుగు ఫ్యాను పెట్టినచో పైకప్పు మీద వెలుగు మినుకుమినుకుమనును. ఫ్యానును ఆపి పనిచేయుటయో, దానిని విడిగా గీసి తరువాత అతికించుటయో చేయవలెను. ఫ్యానే లేని హైదరాబాదు ఇంటిని చూపువారు ఉన్నారు. అది కూడ ఒక సత్యదూరమే అనుకొందును, చిన్నదే అయినను.

రెండవది, పొరలుగా గీయుట. నేల రంగు ఒక పొర, దానిపై ప్రతిబింబము వేరొక పొర, దీపముల వెలుగు ఇంకొకటి. వీనిని చివర కలిపి ఒక్క బొమ్మగా చేయుదురు. ఇట్లు చేసినవానికి రాత్రి పది గంటలకు ఫోను వచ్చినను భయము లేదు. మెరుపు పొరను కొంచెము పెంచుటకో తగ్గించుటకో నిమిషములు చాలును. 3,000 బొమ్మలను మరల గీయనక్కరలేదు. పొరలు చేయక అంతయు ఒక్కటిగా గీసినవాడు ఆ రాత్రి మరల మొదలుపెట్టవలసినదే.

కిరణము ఎన్ని మలుపులు తిరుగవలెనో హద్దు పెట్టుట మరియొక పొదుపు. నేలలో బల్ల నీడ, ఆ నీడలో దీపము నీడ, ఇంతకు మించి కన్ను వెదకదు. రెండు మూడు మలుపులు చాలును. ఎదురెదురుగా అద్దములున్న లిఫ్టులో మాత్రము ఈ హద్దు పనికిరాదు. నాలుగవ అద్దము నల్లని పలకగా మారి నవ్వులపాలు చేయును. అట్లే, సున్నపు గోడలకు, కర్టెనుగుడ్డకు, సోఫా దిండ్లకు కూడ మెరుపు పెట్టుట నూతనముగ నేర్చినవారి అలవాటు. ఎవరును చూడని ఆ మెరుపుకు కూడ కంప్యూటరు కిరణములను పంపుచునే ఉండును. వాటినుండి మెరుపును తీసివేసినచో మిగిలిన కాలము నేలకు దక్కును.

ఇసుకను తుడిచివేయు డీనాయిజరులను గూర్చి ఒక మాట. తక్కువ కిరణములతో గీసిన బొమ్మను చూచి, ఇచ్చట ఏ రంగు ఉండదగునో ఊహించి, ఇవి గరుకును నునుపు చేయును. నిలిచిన బొమ్మలో ఇవి అద్భుతము. కదలు బొమ్మలో, ప్రక్కప్రక్క బొమ్మలను పోల్చి చూడని డీనాయిజరు ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క విధముగా ఊహించును గనుక, నేల మీది నీడ నీటిలోవలె జీరాడును. చీమకుర్తి రాతిలోని రవ్వలు దీనికి ఇసుకవలెనే తోచి, వానిని కూడ తుడిచివేయును. చిన్న దీపము నిగ్గు నేలకు తగిలి పుట్టించు తెల్లని మెరుపుచుక్కలు వేరు జబ్బు, వానిని మిణుగురులందురు. కిరణము తేగల వెలుగుకు గరిష్ఠపు హద్దు పెట్టినచో చాలవరకు అణగును. ఏది ఏమైనను, మొత్తము గీయుటకు ముందు పావు పరిమాణములో, కెమెరా కదలిక అంతటిలో ఒక పది బొమ్మలను మాత్రము గీసి చూచుట మంచిది. అందు తప్పు కనబడినచో అరగంటలో దిద్దుకొనవచ్చును.

మే నెలలో ఎల్.బి.నగర్ మేడమీది గదిలో నాలుగు యంత్రములు రాత్రింబవళ్ళు నడచినచో గది పొయ్యివలె ఉండును. నడుమ కరెంటు పోవుటయు కద్దు. అందుచేత అనుభవజ్ఞులు చిత్రమును ఒక్క వీడియోగా కాక, ఒక్కొక్క బొమ్మను విడి ఫైలుగా దాచుదురు. 1,874వ బొమ్మ వద్ద యంత్రము ఆగినచో 1,874తోనే మరల మొదలు.

2018నుండి కిరణములను వెంబడించు పనికై ప్రత్యేక భాగములు గల గ్రాఫిక్ కార్డులు సామాన్యుల కంప్యూటరులకును వచ్చినవి. ఆటలకై పుట్టిన ప్రోగ్రాములతో, మనము ఎటు తిరిగిన అటు ఇల్లు అప్పటికప్పుడే గీయబడుచున్నది. గంటలు క్షణములైనవి, నిజమే. కాని వీనిలో ఒక చవుక పద్ధతి, తెరపై ఉన్న బొమ్మనే తిరగవేసి నేలలో చూపును. తెర వెలుపల ఉన్నది దానికి తెలియదు. కెమెరా క్రిందికి వంగినప్పుడు పైదీపము తెర దాటిపోయినచో, నేలలోని దాని నీడ కూడ ఉన్నట్టుండి ఆరిపోవును. వేగము పెరిగినంత మాత్రమున పొరుగుగోడ దానంతట అది వచ్చి నిలువదు.

ఇల్లు కొనువారి వంతు ఏమి? 2016లో పార్లమెంటు చేసిన స్థిరాస్తి నియంత్రణ చట్టము, జనులు రేరా అనునది, మన రాష్ట్రమున 2017 నాటి నియమములతో అమలులోనికి వచ్చినది. ప్రకటన అనగా ఏ మాధ్యమము ద్వారా చేసినదైనను ప్రకటనయే అని ఆ చట్టమందలి నిర్వచనము. కావున తెరమీది బొమ్మ దానికి వెలుపలిదని తోసివేయుట కష్టము. 12వ సెక్షను ప్రకారము, ప్రకటనలోని తప్పుడు వివరమును నమ్మి సొమ్ము కట్టి నష్టపోయినవానికి పరిహారము ఇయ్యవలెను. అతడు మానుకొనదలచినచో కట్టిన సొమ్మును వడ్డీతో తిరిగి ఇయ్యవలెను. ప్రకటనపై రేరా నమోదు సంఖ్యయు, ఆ సంస్థ వెబ్‌సైటు చిరునామాయు స్పష్టముగ ఉండవలెననియు చట్టము చెప్పుచున్నది. తెరమీది బొమ్మ నకలును అడిగి ఇంటికి తెచ్చుకొనుట మంచిది. ఒప్పందములో నేలకు ఏ పలకలు, ఏ కొలత, ఏ పాలిషు అని వ్రాసి ఉన్నదో దానిని బొమ్మతో పోల్చవచ్చును.

అమ్మకపు కార్యాలయములో బొమ్మను నడుమ ఆపుమని అడుగుడు. బల్లకాలు నేలను తాకినచోటను, పైచోటను నీడ ఒక్కతీరుగా ఉన్నచో అది అద్దపు నేల. దగ్గరను దూరమునను నేల ఒక్కతీరుగా మెరియుచున్నచో ఫ్రెనెల్ లెక్కను విడిచిపెట్టినారన్నమాట. తరువాత కిటికీవైపు చూపి, దీనికి ఎదుట ఎన్ని అడుగులలో ఏమున్నది అని అడుగుడు. పొరుగుమేడను నిలిపి, సాయంకాలము నాలుగు గంటల వెలుగులో, దీపములార్పి, ఇదే గదిని ఒక్క బొమ్మగా గీసి చూపుమనుడు. వారి యంత్రమునకు అది పది నిమిషముల పని. ఆ పది నిమిషములు అక్కడనే కూర్చుండి వేచియుండవచ్చును.